తొమ్మిది లోయల్లో కొత్తవాళ్ళు

అక్కకి ఆటలంటే మొదటినుంచీ పడదు. చిన్నప్పుడు దాగుడుమూతలాడితే అందరికంటే ముందు దొరికిపోయేది, అదీ దాక్కున్నచోట తుమ్మి. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీయడం ఆమె ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే యంత్రం, అద్దం మీద చుక్కచుక్కగా పడే అవే నీళ్ళు. అలాంటి మనిషి యాభై రెండేళ్ళొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ ఎలుకల్ని కర్రతో కొట్టడమేమిటని మీరు అడగొచ్చు. ఆవిడ కూడా తనను తాను రోజుకు పదిసార్లు అడుక్కునేది.

చెల్లెలి కోసం. ఇంకెవరి కోసం?

చెల్లెలికి ముప్ఫై ఎనిమిది. ఒంట్లో కండరాలు ఒకటొకటిగా చేతులెత్తేసే జబ్బు. పదహారో ఏట మెట్లెక్కలేకపోయింది, ఇరవయ్యో ఏట నిలబడలేకపోయింది. ఇప్పుడు మంచం తలవైపు ఎత్తి కూర్చోబెడితే మెడ నిలుస్తుంది, కుడిచేతి రెండు వేళ్ళు కదులుతాయి, నోరు ఆడుతుంది. ఇంట్లో ఉన్నది అక్కాచెల్లెళ్ళిద్దరే అయినా, ఆ నోరు పదిమంది ఉన్న ఇంటికి సరిపోయేలా ఆడుతుంది, అది వేరే సంగతి.

ఆ రెండు వేళ్ళతో ఆమె పద్ధెనిమిదేళ్ళుగా 'తొమ్మిది లోయలు' ఆడుతోంది. ఎక్కడెక్కడివాళ్ళో ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, ఒకేసారి వచ్చి తిరుగుతూ, మైకులో మాట్లాడుకుంటూ ఆడే ఆట అది. తొమ్మిది లోయలు, మధ్యలో కొండలు, ఊళ్ళు, ఎలుకల దగ్గర్నుంచి రాకాసుల దాకా రకరకాల జంతువులు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి మెట్టు మీద ఉంటారు. జంతువుల్ని ఓడిస్తూ ఒక్కో మెట్టూ ఎక్కాలి, పైన వందో మెట్టు. చెల్లెలు వందో మెట్టు ఎక్కి పదేళ్ళు దాటింది. అక్కడ ఆమె పేరు మెరుపు. ఈ లోయ నుంచి ఆ లోయకి ఉత్తరాలు మోసుకెళ్ళడం ఆమె పని. ఆ ఆటలో ఆమెని పరుగులో మించినవాళ్ళు లేరు.

ఆమె మంచం సంగతి అక్కడ ఒక్కరికీ తెలియదు. ఓసారి అక్క ఎవరితోనో అనబోతే మైకు ఆపించి చీవాట్లు పెట్టింది.

"అక్కడ నాకు కాళ్ళున్నాయి అక్కా. వాటికి కూడా జాలి అంటించకు" అంది.

అంతటి ఆటకి చావుకబురు వచ్చింది. ఆట నడిపే కంపెనీ అందరికీ ఒక ఉత్తరం పంపింది. పాతవాళ్ళు తగ్గిపోతున్నారట, కొత్తవాళ్ళు రావడం లేదట. అరవై రోజుల్లో నలభైమంది కొత్తవాళ్ళు చేరి పదో మెట్టు దాకా వస్తే ఆట ఉంటుంది. లేకపోతే అరవయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తారు. కింద నవ్వుతున్న బొమ్మ ఒకటి, ఎందుకో మరి.

"పోనీ, వేరే ఆటేదైనా చూసుకోవే" అంది అక్క, చెల్లెలి వీపు కింద దిండు సర్దుతూ.

"కొత్త ఆటలకి పది వేళ్ళు కావాలి. అదీ కోతికున్నంత చురుకైన వేళ్ళు. ఇది ముసలి ఆట కాబట్టి నాకు సరిపోతోంది. పోయినేడు నాలుగు వేళ్ళు ఆడేవి, ఇప్పుడు రెండు. ఇప్పుడెళ్ళి ఇంకోచోట మొదటి మెట్టు నుంచి మొదలెట్టనా? అక్కడ నడవడం నేర్చుకునేలోపు ఈ రెండూ పోతాయి."

ఆ రాత్రి అక్కకి నిద్ర పట్టలేదని చెప్పను, అలసిన మనిషి, పడుకోగానే పట్టేసింది. కానీ పొద్దున్నే లేచి, "నన్ను చేర్చుకో, నలభైలో ఒకదాన్ని నేను" అంది.

ఆ ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. తూర్పు గుమ్మం దగ్గర కొత్త మనిషి కనబడగానే, మొదట చూసినవాళ్ళు బూర ఊదుతారు. అంతే, ఏ లోయలో ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి గుమ్మం దగ్గరికి పరుగెత్తుకొస్తారు. పాపం, ఏళ్ళ తరబడి కొత్త మొహం చూడనివాళ్ళు. అక్క గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో ముప్ఫైమంది చుట్టూ మూగారు. ఒకరు భుజాన శాలువా కప్పారు, ఒకరు చేతిలో తనకంటే పొడుగు కత్తి పెట్టారు, ఒకరు గుర్రం ఎక్కించారు. కొత్త అల్లుడికి కూడా అన్ని మర్యాదలు జరగవు.

అందరిలోకీ ముందున్నది సుత్తి బాబాయి. బయట ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, లోయల్లో కమ్మరి. ఆ పేరు చేతిలో సుత్తి ఉన్నందుకు పెట్టారో, మాట మొదలెడితే ఆపనందుకు పెట్టారో ఎవరూ తేల్చలేదు. ఆయన పక్కన నర్సు పిన్ని, నిజంగానే నర్సు, ఆటలోనూ గాయాలకి మందు రాస్తుంది. ఒకరి మొహం ఒకరు చూడకపోయినా అక్కడంతా బాబాయి, పిన్ని, వదిన, బావ. అలా పిలుచుకోకపోతే వాళ్ళకి ఊసుపోదు.

"రండమ్మా రండి! మా మెరుపు వాళ్ళక్కయ్యంటే మాకూ అక్కయ్యే!" అన్నాడు బాబాయి.

"నేను ఎలుకల్ని కొట్టాలటగా?" అంది అక్క బిక్కుబిక్కుమంటూ.

"మీకెందుకమ్మా శ్రమ, మేమంతా ఉండగా!" అంటూ ఆయన సుత్తితో ఒక్కటిచ్చాడు. ఎలుక మాయమైంది. "చూశారా, అయిపోయింది. తర్వాతిది ఎక్కడుందో చూపించండి."

అక్క చూపించేది, వాళ్ళు కొట్టేవాళ్ళు. పొరపాటున అక్కకి చిన్న గీత పడితే పిన్ని పరుగున వచ్చి మందు రాసేది. సాయంత్రం దుకాణం నుంచి వచ్చి, చెల్లెలికి అన్నం తినిపించి, వేడినీళ్ళ గుడ్డతో ఒళ్ళు తుడిచి, ఓ గంట అలా గుర్రం మీద ఊరేగేది. ఎందుకో తెలియదు గానీ, లోయల్లో ఊరికే తిరిగినా వచ్చే మూడో మెట్టు దాటలేదు. తనకి తెలివి లేదనుకుంది.

ఇక బయట మనుషుల కోసం అక్క చేసిన ప్రయత్నాలు చెబితే మీరు నవ్వుతారు. నోట్లో నాలుక లేని మనిషని పేరు, ఆవిడ కాస్తా కనబడినవాళ్ళందరి చెవుల్లో పోరు మొదలెట్టింది. అద్దాలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళ చేతిలో డబ్బా పెడుతూ "ఇవి పెట్టుకుని సరదాగా ఓ ఆట ఆడి చూడండి" అనేది. వారానికి రెండుసార్లొచ్చి చెల్లెలి కాళ్ళూ చేతులూ ఆడించి వెళ్ళే ఫిజియోథెరపిస్టుని గుమ్మానికి అడ్డం నిలబడి అడిగింది. దుకాణంలో కళ్ళు పరీక్షించే అమ్మాయిని మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పినప్పుడల్లా వేధించింది.

ఆ అమ్మాయి తెలివైనది, సూటిగానే అడిగింది. "ఇరవై రెండేళ్ళ పాత ఆట అంటున్నావు. అందరూ వందో మెట్టు మీద కూర్చున్నారంటున్నావు. ఇప్పుడు నేను చేరి ఏం పీకాలక్కా? నేను పదో మెట్టుకి వచ్చేసరికి వాళ్ళు నన్ను చూసి నవ్వరూ?"

"నవ్వరే తల్లీ. నెత్తిన పెట్టుకుంటారు."

"సరే, వాళ్ళ కబుర్లన్నీ పాతవి ఉంటాయి కదా. ఫలానా ఏడు ఫలానా రాకాసిని చంపాం అనుకుంటారు. మధ్యలో నేనెవర్ని? ఎవరింటికో పెళ్ళికెళ్ళి ఎవరూ తెలియక మూల కూర్చున్నట్టుంటుంది."

నిజానికి అక్కకీ అలాగే ఉంది. కానీ ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చి, "నా కోసం రా" అంది. ఆట మూతబడే గడువు సంగతి మాత్రం చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరొస్తారు?

ఇంటికొచ్చి ఆ మాట చెబితే చెల్లెలు మండిపడింది. "కూలిపోయే ఇంట్లోకి అద్దెకి రమ్మన్నట్టు లేదూ? ఎలా నోరొచ్చింది నీకు?"

"నీ కోసమేనే."

"నా పేరు చెప్పి అబద్ధాలాడకు."

అబద్ధం ఆడలేదు, నిజం దాచిందంతే. అలా అనుకుని అక్క సర్దిచెప్పుకుంది. కళ్ళు పరీక్షించే అమ్మాయి వచ్చింది, మాట మీద నిలబడి వారం రోజులు ఆడింది. ఫిజియోథెరపిస్టు నాలుగు రోజులు. పిన్ని ఆసుపత్రి నుంచీ, బాబాయి లిఫ్టుల కంపెనీ నుంచీ, ఇంకా అందరి బతిమాలుళ్ళ వల్లా మొత్తం అరవై పైచిలుకు కొత్తవాళ్ళు తూర్పు గుమ్మంలోకి వచ్చారు. వచ్చిన ప్రతిసారీ బూర మోగింది, శాలువాలు, కత్తులు, గుర్రాలు. పది రోజులు తిరక్కుండా ఒక్కొక్కరే మొహం చాటేశారు.

"అది ఆటా అక్కా? కాలు కింద పెట్టనిస్తేగా!" అంది కళ్ళు పరీక్షించే అమ్మాయి. "ఏదైనా కొడదామనుకునేలోపు ఎవరో ఒకరు వచ్చి కొట్టేస్తారు. చూస్తూ కూర్చోవడమేగా, దానికి టీవీ ఉంది."

నలభై మూడో రోజున అసలు సంగతి బయటపడింది. ఆవేళ పాతవాళ్ళంతా ఏం చేద్దామని పడమటి కొండ మీద సభ పెట్టుకున్నారు. అక్క దుకాణం నుంచి వచ్చి ఆట తెరిచేసరికి గుమ్మం దగ్గర పిట్ట కూడా లేదు. కాసేపు బుద్ధిగా నిలబడింది. ఎవరూ రాలేదు. ఆ పొడుగు కత్తి ఎత్తడం రాక, కింద పడున్న కర్ర తీసుకుని ఎలుక మీదికి వెళ్ళింది. ఎలుక ఆవిణ్ణి చంపింది. మళ్ళీ లేచి వెళ్ళింది, మళ్ళీ చచ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని టపటపా నాలుగు వేసింది. టంగుమని గంట మోగింది. నాలుగో మెట్టు.

"ఒసేయ్! ఎక్కానే! నేనే కొట్టానే!" అని వంటగదిలోకీ పడకగదిలోకీ తిరుగుతూ కేకలు పెట్టింది. యాభై రెండేళ్ళ మనిషి, గంతొక్కటే తక్కువ.

మంచం మీద చెల్లెలు మాత్రం నవ్వలేదు. "పక్కన ఎవరూ లేరా?" అని అడిగింది.

"లేరు."

"అయ్యో. అయ్యయ్యో అక్కా. ఎంత పని చేశాం!"

ఆట కట్టినవాళ్ళు పెట్టిన నియమం అది. పక్కన పెద్ద మెట్టువాళ్ళు నిలబడి ఉంటే, చిన్నవాళ్ళు కొట్టినా ఆ గెలుపు పెద్దవాళ్ళ లెక్కలోకే పోతుంది. పెద్దవాళ్ళేమో ఏనాడో వందో మెట్టెక్కి కూర్చున్నారు, వాళ్ళకి దాంతో పనిలేదు. మెట్టెక్కడమనే మాటే మరిచిపోయి పదేళ్ళయిన మనుషులకి ఆ నియమం ఎక్కడ గుర్తుంటుంది? కొత్తవాళ్ళ మీద ప్రేమ కొద్దీ ముప్ఫైమందీ చుట్టూ నిలబడి, ఒక్కణ్ణి కూడా ఎక్కనివ్వకుండా నలభై మూడు రోజులు కాపలా కాశారు.

చెల్లెలు మైకులో ఆ మాట చెప్పగానే పడమటి కొండ మీద బాబాయి సుత్తి కింద పడేశాడు. పిన్ని గొంతు వినబడింది. "మన కాలంలో మనకెవరూ చేసిపెట్టలేదుగా. అందుకే కాబోలు మనం నేర్చుకున్నాం."

మర్నాడు అక్క కళ్ళు పరీక్షించే అమ్మాయి దగ్గరికెళ్ళి బతిమాలింది. ఈసారి ఎవరూ దగ్గరికి రారు, ఒక్కసారి వచ్చి చూడమంది.

"ఇంకో పదహారు రోజుల్లో మూసేస్తున్నారటగా? ఎక్కడో చదివాను" అంది ఆ అమ్మాయి. "నీకు ముందే తెలుసా అక్కా?"

అక్క కొంగుతో బల్ల తుడవడం మొదలెట్టింది.

"చెప్పుంటే కూడా వచ్చేదాన్నేమో. మీ చెల్లెలి కోసమేగా" అంది ఆ అమ్మాయి. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పరీక్ష గదిలోకి వెళ్ళి దీపం ఆర్పి, లోపలున్న మనిషిని అక్షరాలు చదవమని అడగడం మొదలెట్టింది.

మిగిలిన రోజుల్లో తొమ్మిది లోయల పెద్దలు పడిన అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. దూరంగా ఉండాలని ఒట్టు పెట్టుకున్నారు. ఉండలేకపోయారు. ఉన్న పదీ పదిహేనుమంది కొత్తవాళ్ళలో ఎవరైనా ఎలుక చేతిలో తన్నులు తింటుంటే, బాబాయి బండరాయి వెనక దాక్కుని చూస్తూ, చివరికి ఆగలేక ఒక సుత్తి విసిరేవాడు. "క్షమించండమ్మా, చెయ్యి ఆగలేదు" అనేవాడు. పిన్ని అయితే ఏడ్చేసింది. ముప్ఫై ఏళ్ళు నర్సు పని చేసినదాన్ని, దెబ్బ తగిలినవాణ్ణి చూస్తూ ఎలా నిలబడమంటారని అడిగింది. ఆవిడ అడిగిందీ న్యాయమే.

అక్క చెల్లెలికి చెప్పకుండా ఇంకో పని కూడా చేసింది. దుకాణంలో ఖాళీ దొరికినప్పుడు కంపెనీకి ఉత్తరం రాసింది. మా చెల్లెలు మంచం దిగలేదు, దానికి ఉన్న కాళ్ళు మీ ఆటలోనే ఉన్నాయి, దయచేసి ఒక్క ఏడాది ఆగండి, ఆ తర్వాత దానికి వేళ్ళు కూడా ఉండవు, అప్పుడు మూసుకోండి, అని రాసింది. రాస్తుంటే కళ్ళు మసకబారాయి. జవాబు నిమిషంలో వచ్చింది. మీ సూచనకు ధన్యవాదాలు, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. మనిషి కాళ్ళావేళ్ళా పడదామన్నా అవతల కాళ్ళూ లేవు, వేళ్ళూ లేవు.

యాభై ఏడో రోజున అక్క పదో మెట్టెక్కింది. తనతో కలిపి పదకొండుమంది. కావలసింది నలభై.

అరవయ్యో రోజు అక్క సెలవు పెట్టింది. పదకొండింటికే అందరూ తూర్పు గుమ్మం దగ్గర చేరారు. ఏం మాట్లాడుకోవాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. బాబాయి ఎవరి లిఫ్టో మధ్యలో ఆపి వచ్చానన్నాడు, అందులో మనుషులున్నారేమోనని పిన్ని కంగారుపడింది. చెల్లెలు మాత్రం అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంది, గుమ్మం నుంచి వాగు దాకా, వాగు నుంచి గుమ్మం దాకా. అక్క మంచం పక్కన కుర్చీలో కూర్చుని గోడ గడియారం చూస్తోంది.

పదకొండున్నర దాటాక బూర మోగింది. ఎవరూ ఊదాలని ఊదలేదు, అలవాటు కొద్దీ ఎవరో ఊదేశారు. గుమ్మంలో ఒక కొత్త మనిషి, వంటి మీద మొదటి మెట్టు నారబట్టలు, గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

"హలో, వినబడుతోందాండీ?" పెద్దాయన గొంతు. "నాకు అరవై ఏడు. మొన్ననే నా కిరాణా కొట్టు మా అల్లుడికి అప్పగించేశాను. పొద్దు పోవడం లేదు. ఇది చాలా పాత ఆటటగా? కొత్తవాళ్ళు చేరొచ్చా?"

బాబాయి గొంతు సవరించుకుని, సుత్తి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"ముందేదో పెద్ద కాగితం వచ్చింది" అన్నాడు పెద్దాయన. "కళ్ళద్దాలు ఎక్కడ పెట్టానో కనబడలేదు. చదవకుండానే సరే అని నొక్కేశాను. ఏమైనా తప్పయిందా?"

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"తప్పేం లేదండీ, చేరొచ్చు" అంది. "ముందు ఇటు తిరగండి. నడవడం వచ్చా?"

"రాదమ్మా."

"పైకి చూపించే బాణం ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకోండి."

పెద్దాయన నొక్కాడు. నేరుగా వెళ్ళి గుమ్మం స్తంభానికి కొట్టుకున్నాడు. ముప్ఫైమందీ ఒక్కసారి ముందుకి కదిలి, ఒక్కసారి ఆగిపోయారు. గుర్రాలు పట్టుకొచ్చినవాళ్ళు గుర్రాల్ని వెనక దాచుకున్నారు. ఈ ఒక్కసారికి ఒట్టు నిలబెట్టుకున్నారు, ఎవరికి పనికొస్తుందని అడక్కండి.

చెల్లెలు ఆయన పక్కన నడిచింది. పద్ధెనిమిదేళ్ళుగా పరుగు తప్ప నడక ఎరగని మెరుపు, ఆయనతో సమానంగా ఒక్కో అడుగూ వేసింది. ఆయన దారి తప్పితే తనూ తప్పింది. వాగు దగ్గరికి వచ్చారు. గెంతాలని చెప్పింది, ఎలాగో చెప్పింది, తను గెంతలేదు. ఆయన గెంతి నీళ్ళలో పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. నాలుగోసారి పడి గట్టిగా నవ్వాడు, ఆ నవ్వుకి చెల్లెలు కూడా నవ్వింది. అక్క ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

పన్నెండుకి మూడు నిమిషాలు. అక్క గడియారం వైపు చూపించింది. చెల్లెలు చూసింది, చూడనట్టు చూపు తిప్పుకుంది.

"అమ్మాయీ, మా ఇంట్లో భోజనానికి పిలుస్తున్నారు" అన్నాడు పెద్దాయన. "ఈ వాగు సంగతి రేపు తేలుస్తాను. నువ్వు రేపు ఉంటావా?"

మైకు తెరిచే ఉంది. ముప్ఫైమంది వింటున్నారు.

"ఉంటానండి" అంది చెల్లెలు. "ఇక్కడే, ఈ గట్టు మీదే ఉంటాను."

ఆయన వెళ్ళిపోయాడు. చెల్లెలు గట్టు మీదే నిలబడింది. పన్నెండయింది. వాగు, గట్టు, గుర్రాలు, బాబాయి, పిన్ని అన్నీ పోయి తెర తెల్లగా అయింది. మధ్యలో ఒక వరుస ధన్యవాదాలు.

చెల్లెలి రెండు వేళ్ళూ మీటల మీదే ఉన్నాయి. "అక్కా, ఆయన రేపు వస్తాడు" అంది.

అక్క ఏమనాలి? ఊరుకో అనాలా, మంచిపని చేశావనాలా? లేచి, ఆ చేతిని మీటల మీద నుంచి తీసి దుప్పటి మీద పెట్టింది. ఆ చెయ్యి పెట్టింది పెట్టినట్టే ఉంది.